ఇక గుండె వంతు

మార్చి 4
కొత్త డాక్టరమ్మ. పాతాయన రిటైరయ్యాడట. ఈవిడకి నా కూతురి వయసుంటుందేమో, నాకు కూతురంటూ ఉంటే. రిపోర్టు చూసి, వైరస్ లెక్కకి అందనంత తగ్గింది, ఏళ్లుగా ఇలాగే ఉంది, భేష్ అంది. నేను లేవబోయాను. కూర్చోండి, ఇక గుండె సంగతి చూద్దాం అంది.

హెచ్ఐవీ ఉన్నవాళ్లకి, మందులు సరిగ్గా వాడుతున్నా సరే, గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువట. వైరస్ అణిగినా లోలోపల ఏదో రాజుకుంటూనే ఉంటుందట. అది రక్తనాళాల్ని పాడుచేస్తుందట. నా బీపీ కాస్త ఎక్కువుంది. కొలెస్ట్రాల్ మరీ ఎక్కువ లేకపోయినా ఒక మాత్ర రాసింది. ఆడవాళ్లకి గుండెపోటంటే గుండెల్లోనే నొప్పి రానక్కర్లేదు, దవడలోనో వీపులోనో రావచ్చు, చల్లగా చెమటలు పట్టొచ్చు, అలా అయితే ఆలోచిస్తూ కూర్చోకండి అంది.

ఒళ్లు మండింది. ఉన్నదాంతోనే చస్తుంటే ఇంకోటా అన్నాను. ఆవిడ నవ్వింది. మీరు చస్తారనుకుంటే ఇదంతా ఎందుకు చెబుతానండీ, డెబ్బై ఏళ్లొచ్చినా కొట్టుకోవాల్సిన గుండె గురించి చెబుతున్నాను అంది.

డెబ్బై! నాకిప్పుడు నలభై ఏడు. జబ్బు బయటపడ్డప్పట్నుంచీ వచ్చే ఏడాది దాటి ఎప్పుడూ ఆలోచించలేదు.

మార్చి 5
అక్కకి చెప్పాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నా జబ్బు తెలిసింది కూడా తనొక్కదానికే. సాయంత్రానికి ఉప్పు డబ్బా మాయం.

మార్చి 19
చప్పిడి తిండి. మాత్ర మాత్రం మానడం లేదు.

మార్చి 28
మాస్టారు ఇవాళ అడిగేశాడు.

హోటల్ లాండ్రీలో నా జోడీ ఆయన. అందరికీ మాస్టారే. ఎందుకో ఎవరికీ తెలీదు. ఇస్త్రీ రోలర్లోంచి పొగలు కక్కుతూ దుప్పటి రాగానే చెరో కొస పట్టుకుని, విదిలించి, మడతపెడుతూ ఎదురెదురుగా నడుస్తాం. కొసలు నా చేతిలో పెట్టి వెనక్కెళతాడు. రోజంతా అదే పని. భార్య పోయిన మనిషి. మాట తక్కువ. ఇవాళ కొసలు అందిస్తూ, మనం పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుందండీ అన్నాడు. వానొస్తుందంటారా అని అడిగినట్టు.

నేను తర్వాతి దుప్పటి అందుకున్నాను. ఆయనా అందుకున్నాడు.

జబ్బు సంగతి చెబితే పోతాడు. చెప్పకుండా కాదంటే ఉంటాడు, దుప్పటికి అవతల. అదే నయం.

మార్చి 29
కాదన్నాను. సరేనన్నాడు. ఇవాళ ఒక్క మడతా వంకర పోలేదు.

ఏప్రిల్ 14, ఉదయం
ఆసుపత్రి మంచం మీద రాస్తున్నాను. నర్సు రెండుసార్లు తిట్టింది.

మొన్న పనిలో ముందు వీపు పట్టేసింది. వేడికేమో అనుకున్నాను. తర్వాత ఎడమ దవడ. పన్నేమోనని నాలుకతో తడుముకున్నాను. అంతలో చెమట, చల్లగా. ఇస్త్రీ గదిలో చల్లటి చెమటేంటి? ఆలోచిస్తూ కూర్చోకండి అని డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది. అయినా ఆలోచించాను. ఆసుపత్రికెళితే ఏం మందులు వాడుతున్నారని అడుగుతారు. తోడొచ్చేది మాస్టారే.

దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఉన్నట్టుండి నాకు డెబ్బై ఏళ్లూ కావాలనిపించింది. అంత ఆశ నాలో ఎక్కడ దాక్కుందో! ఏడుపొచ్చింది. కొసలు వదిలేసి, గుండెపోటనుకుంటా, తీసుకెళ్లండి అన్నాను.

హోటల్ వ్యాన్‌లో మాసిన తువ్వాళ్ల మూటల మధ్య పడుకోబెట్టి తీసుకెళ్లాడు. ఎమర్జెన్సీ డాక్టరు నా ఒంటికి వైర్లు అంటిస్తూ, రోజూ వాడే మందులున్నాయా అన్నాడు. మాస్టారు నా చెప్పులు చేత్తో పట్టుకుని పక్కనే ఉన్నాడు. బయటికి పంపమని అడగొచ్చు. అడగలేదు. హెచ్ఐవీకి వాడుతున్నాను అన్నాను. మందుల పేర్లూ చెప్పాను. గట్టిగానే. డాక్టరు తలెత్తకుండా రాసుకుని, చెప్పి మంచిపని చేశారు, కొన్ని గుండె మందులు వాటితో పడవు, చూసి ఇస్తాం అన్నాడు. అంతే! ఇన్నేళ్లు కడుపులో దాచుకున్న మాటని ఇంటి అడ్రస్ రాసుకున్నట్టు రాసుకున్నాడాయన.

మాస్టారి మొహం చూసే ధైర్యం లేకపోయింది. చేతిలో చెప్పులే చూశాను. కింద పడలేదు.

ఒక రక్తనాళం మూసుకుపోయిందట. స్టెంట్ వేశారు. త్వరగా రాబట్టి గుండె పెద్దగా దెబ్బతినలేదన్నారు.

అదే రోజు, సాయంత్రం
మాస్టారు వచ్చాడు. మొహం ధుమధుమలాడుతోంది. జబ్బు గురించనుకున్నాను. కాదు. దవడ లాగుతుంటే కూడా దుప్పట్లు మడిచావా, నీకు బుద్ధుందా అని అరిచాడు. నన్ను నువ్వు అనడం అదే మొదలు.

తర్వాత గొంతు తగ్గించి, అందుకేనా కాదన్నావ్ అన్నాడు. అవునన్నాను. నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పకుండా, నేను చెప్పాల్సింది కూడా నువ్వే చెప్పేశావు అన్నాడు.

నర్సు వచ్చి ఆయన్ని కూడా తిట్టింది.

మే 6
క్లినిక్‌కి ఆయనా వచ్చాడు. అడగాల్సినవన్నీ ఆయనే అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మందులు మానకుండా, వైరస్ ఇలాగే లెక్కకి అందకుండా ఉన్నంతకాలం కాపురం వల్ల మీకు అంటదు అంది డాక్టరమ్మ. ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు.

వచ్చారు కదా అని ఆయన బీపీ కూడా చూసింది. నాకంటే ఎక్కువ! సిగరెట్ మానాలి, నడవాలి అంటూ క్లాసు పీకింది. పేషెంటుని నేను. మొహం వేలాడేసుకుని బయటికొచ్చింది ఆయన.

మే 21
పొద్దున్నే నడక. నాకంటే ఆయనకే ఆయాసం. నా కోసం ఆగుతున్నట్టు నటిస్తాడు.

జూన్ 3
అక్క ఆయన్ని భోజనానికి పిలిచింది. ఆ చప్పిడి తిండి మారడిగి వేయించుకున్నాడు. ఈ మనిషిని వదులుకోకు అంది అక్క, ఆయన వినేలా.

జూలై 1
రిజిస్ట్రార్ ఆఫీసు. సాక్షిగా వచ్చిన అక్క కంగారులో పెళ్లికూతురి గడిలో సంతకం పెట్టేసింది. కొత్త కాగితం తెచ్చేదాకా ఆయన నాకు బావ.