సేఠు పేరు, దశరథ్ ఛాతీ

పటాన్‌చెరు, సోమవారం.

ముత్యమ్మక్కా, నీ కొడుకు దశరథ్, నేనూ క్షేమమే కానీ కొట్లాటలో ఉన్నాం. వాడు వింటాడని ఫోన్ చేయలేదు. తన పేరు ఛాతీ మీద పచ్చబొట్టు పొడిపించుకుంటే బాడీబిల్డింగ్ పోటీల దాకా తిండి తానే పెడతానన్నాడట జిమ్ము సేఠు. వెట్టి చేసిన మన తాతలు కూడా ఒంటి మీద దొర పేరు రాయించుకోలేదని అరిచాను.

"నీ షర్టు మీద కంపెనీ పేరు లేదా మామా?"

"ఇంటికొచ్చినంక షర్టు ఇప్పేస్తం గదరా, తోలు ఇప్పుతవా?"

"మరి రోజుకు ఇరవై గుడ్లు నువ్వు పెడ్తవా?"

ఆదివారమే పొడిపించుకుంటాడట. మన కోళ్లు ఎన్ని పెడుతున్నాయి? ఉన్నన్ని గుడ్లు పట్టుకుని శనివారం జోగిపేటలో బస్సెక్కు. బావకు దండాలు చెప్పు. నా ఉపన్యాసంతో వాడి కడుపు నిండదక్కా.

నీ తమ్ముడు రాంచందర్