చుక్కల మధ్య జాగా

నల్గొండ,
జూలై 2018

ప్రియమైన మామకు,

త్రివేణి నమస్కారాలు. అత్తమ్మనూ నా బిడ్డ కోమలనూ రోజూ ఫోన్‌లో పలకరిస్తున్నాను. మీ చెవులకు మాత్రం ఫోన్ మాట అందదు. పైగా ఊరందరికీ ఉత్తరాలు పంచిన పోస్టుమ్యాన్ మీరు. అందుకే మీతో ముచ్చట పెట్టాలంటే నాకు కాగితం కావాలి.

ఇక్కడి ప్రెస్సులో పని దొరికింది. లింగస్వామి పోయాక నేను మూల గదిలోంచి బయటికే రాని రోజుల్లో, "నా కొడుకు పోయిండని నువ్వు గూడ ఇంట్ల కూసుంటవా బిడ్డా? లే, కంప్యూటర్ నేర్చుకో" అని మీరు గదమాయించకపోతే ఈ కుర్చీలో నేనుండేదాన్ని కాదు.

నా చేతికిచ్చిన మొదటి పని ఏమిటో తెలుసా? గొర్రెల రోగాల పుస్తకం! ఒక పశువుల డాక్టరమ్మ మన కాపర్ల కోసమే రాసింది. అంతా బాగానే సాగింది కానీ విషయసూచిక దగ్గర చిక్కుపడ్డాను. ఎడమవైపు రోగం పేరు, కుడివైపు పేజీ నంబరు, రెండింటి మధ్య చుక్కల వరుస. చుక్కలు ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతే నంబర్లన్నీ వంకరటింకరగా వచ్చాయి. అట్లా కాదు, మధ్యలో ట్యాబ్ అనే మీట నొక్కి, తెర మీద దాని డబ్బాలో ఒక్క చుక్క కొడితే వరుస అదే నిండుతుందన్నారు ప్రెస్సువాళ్ళు. కొట్టాను. మా తెలుగు ఫాంటులో ఆ మీటకు చుక్క లేదట, కొమ్ము ఉందట. పేజీ నిండా కొమ్ములు మొలిచాయి!

పక్క కంప్యూటర్ మీద పనిచేసే దశరథ్ చూసి, "పొట్టేళ్ల పుస్తకం గదమ్మా, కొమ్ములుంటెనే అందం" అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది మామా. తర్వాత ఆయనే చూపించాడు. పేరుకూ నంబరుకూ మధ్యనున్న ఖాళీని మాత్రమే పట్టుకుని దానికి ఇంగ్లీషు ఫాంటు ఇవ్వాలి. ఇచ్చేసరికి కొమ్ములు పోయి చుక్కలు వచ్చాయి.

ఆ పేజీ ప్రింటు దీనితో పంపుతున్నాను. ఈ పుస్తకం చదివేది మీలాంటి వాళ్ళే కనుక, వెతికిన పేజీ దొరుకుతుందో లేదో మీరే చూసి చెప్పాలి.

మీ కోడలు,
త్రివేణి

*

కల్వకుర్తి దగ్గరి మన ఊరు,
ఆగస్టు

ప్రియమైన బిడ్డ త్రివేణికి,

నీ ఉత్తరం, చుక్కల కాగితం అందాయి. ఉత్తరం మూడుసార్లు చదివాను, రెండుసార్లు మీ అత్త కోసం. కొమ్ముల దగ్గర ఆమె నవ్వింది.

ఇక నువ్వడిగిన సంగతి. మంద తోలుకొచ్చాక పక్కింటి పరశురాములును పిలిచి కాగితం చేతికిచ్చాను. వాడి గొర్రెకు మూతి వాచి, నాలుక నీలం తిరిగింది. "నీలి నాలుక ఏ పేజీల ఉన్నదో చూడు" అన్నాను. పేరు మీద వేలు పెట్టి చుక్కల వెంట పోయాడు. సగం దూరం పోయేసరికి వేలు కింది వరుసలోకి జారింది. కడుపులో పురుగులకు వేసే నట్టల మందు పేజీ నంబరు చదివాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను, నాకూ అదే గతి. చుక్కలు అంటుకుపోయి నల్లగీతలా ఉన్నాయి. అట్లాంటి గీతలు పేజీ నిండా ఉంటే ఏది దేనిదో కళ్ళు పట్టవు. రోగం ఒకటి, మందు ఒకటి అయితే గొర్రె బతకదు బిడ్డా. నీ తప్పని కాదు, చూసింది రాస్తున్నాను.

మీ అత్తకు చదువు రాదు కానీ కాగితం తిప్పి తిప్పి చూసి, "గా చుక్కలు చీమలబారు లెక్క గంత దగ్గర దగ్గర ఎందుకు? జర నడుమ జాగా ఇయ్యమను" అంది. నాకు అది సబబుగానే తోచింది.

కోమల బడికి బాగానే పోతోంది. రాత్రి పడుకునేటప్పుడు మీ అత్త చెయ్యి పట్టుకుంటే తప్ప నిద్రపోదు. మీ అత్తకు కూడా అంతే.

నీ క్షేమం కోరే,
బీరప్ప మామ

*

నల్గొండ,
ఆగస్టు చివర

ప్రియమైన మామకు,

పరశురాములు వేలు జారిన సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె కాగితం అందుకుని తానూ వేలు పెట్టి చూసుకుని, "నిజమే, సరిచెయ్యండి" అంది. మా ఓనరుకే కోపం. "చుక్కలకు ఇన్ని దినాలా? నేర్చుకునెటోళ్ళను పెట్టుకుంటె గిట్లనే ఉంటది" అన్నాడు. పని ఉంటుందో ఊడుతుందో అని రెండు రోజులు అన్నం సయించలేదు.

అత్తమ్మ చెప్పినట్టే మధ్యలో జాగా ఇచ్చాను. డబ్బాలో చుక్క కొట్టి, దాని పక్కన ఒక ఖాళీ కొట్టాలి. అప్పుడు మరీ దూరమయ్యాయి. వరుస తెగిపోయి వేలు ఎటు పోవాలో తెలియకుండా అయింది. దశరథ్ తన పని పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆ ఖాళీకి మాత్రం అక్షరం సైజు తగ్గిస్తే చుక్కలు చిన్నవై కాస్త దగ్గరికొచ్చాయి. వరుసకూ వరుసకూ మధ్య ఎడం పెంచాం. ఒక్కో మార్పుకు ఒక్కో ప్రింటు తీసి, మా ఆఫీసు ఊడ్చే ముసలామెతో వేలు పెట్టించి చూశాం. చివరికి ఆమె వేలు జారలేదు.

ఓనరు ప్రింట్లన్నీ చూసి కాగితం దండగ అని గొణిగాడు. దశరథ్ ఊరుకోలేదు. "సార్, గీ కాగితం ఖర్చు నా జీతంల పట్టుకోండ్రి. పేజీ మాత్రం ఆమె చేసినట్టే పోవాలె" అన్నాడు. వాళ్ళది హాలియా. తండ్రి లేడు. తల్లి బిక్షమ్మ నాట్లకూ కోతలకూ పోయి చదివించిందట. ఆమె చేసిన పచ్చడి నాకూ ఒక డబ్బా పంపింది.

సరిచేసిన పేజీ పంపుతున్నాను. ఈసారి ఏమంటారో రాయండి. చెవులు చూపించుకోవడానికి ఇక్కడి దవాఖానకు వస్తారని అత్తమ్మ ఫోన్‌లో చెప్పింది, వచ్చినప్పుడు ప్రెస్సుకు తప్పకుండా రండి.

మీ,
త్రివేణి

*

నల్గొండ,
అక్టోబరు

మామకు,

నెల దాటింది. మీ జవాబు లేదు. ఫోన్ చేస్తే అత్తమ్మ "మంచిగనే ఉన్నం" అని ఒక్క మాట చెప్పి కోమలకు ఇచ్చేస్తోంది. పుస్తకం అచ్చయి వస్తే మొదటి కాపీ మీకే పంపాను. అందిందో లేదో తెలియలేదు.

నిన్న బస్టాండులో మన ఊరి సోమమ్మ కలిసింది. "మీ మామ దవాఖానకు వచ్చిననాడు నీ ప్రెస్సు దాక నేనే తోల్కపోయిన. కిటికీల కెళ్ళి చూసిండు. లోపలికి రాకుంట మర్లిపోయిండు. ఏమైంది బిడ్డా?" అంది.

అది ఏ రోజో నాకు తెలుసు. డాక్టరమ్మ పేజీ బాగుందని చెప్పి వెళ్ళిన రోజు. దశరథ్, నేను టీ తాగుతూ నవ్వుకుంటున్నాం. మీరు చూసింది అదే. మీ కళ్ళకు అది ఎట్లా కనిపించిందోననే ఈ ఉత్తరం రాస్తున్నాను.

దాచను మామా. ఆ తర్వాత వారానికి ఆయన పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. "నీకు ఇష్టమైతెనే. కోమల నాకు బిడ్డ. ఆలోచించి చెప్పు, తొందర లేదు" అన్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు. వాళ్ళు మన కులం కాదు. ఊళ్ళో ఏమంటారో మీకు తెలుసు. నాకు ఇష్టం లేదని రాస్తే అబద్ధమవుతుంది. కానీ తల్లీతండ్రీ లేని నాకు తల్లిగారిల్లయినా అత్తగారిల్లయినా మీ ఇల్లే. మీ గడప నాకు మూసుకుపోయే పనైతే ఆ మాట ఇక్కడే ఆపేస్తాను. ఉద్యోగం వదిలి రమ్మంటే వచ్చేస్తాను. ఊరికే ఉండకండి. తిట్టయినా ఒక ఉత్తరం రాయండి.

త్రివేణి

*

మన ఊరు,
అక్టోబరు

ప్రియమైన బిడ్డా,

తిట్టడానికి కాదు రాస్తున్నది. ముందు ఆ మాట చదివి కాస్త నెమ్మదించు.

ఆ రోజు వచ్చాను. కిటికీలోంచి చూశాను. నా చెవులకు ఏమీ వినబడదు కదా, నువ్వు తల వెనక్కి వాల్చి నవ్వడం మాత్రం కనిపించింది. కొడుకు పోయాక నిన్ను అట్లా చూడలేదు. లోపలికొస్తే నన్ను చూసి నవ్వు ఆపుకుంటావని, కొంగు సర్దుకుని లేచి నిలబడతావని వెనక్కి తిరిగాను. అంతే బిడ్డా. కోపం కాదు. బస్సులో మాత్రం ఏడ్చాను. వాడు గుర్తొచ్చాడు.

ఇంటికొచ్చి మీ అత్తకు చెప్పాను. అక్కడ మొదలైంది అసలు లొల్లి. "కొడుకు పాయె. ఇగ కోడలు గూడ పోతదా? కోమలను తీస్కపోతది. నేనెట్ల బతకాలె?" అని నాతో మాటలు బంద్ పెట్టింది. ఆమె మనసు తేలకుండా నీకు ఏమని రాయాలి? ఒకటి రాసి, తర్వాత ఇంకొకటి రాసి నిన్ను నలిపేయదలచుకోలేదు. నీ మనసు అంత కుములుతుందని అనుకోలేదు. ఒక ముక్కయినా రాసి ఉండాల్సింది.

నీ ఉత్తరం చదివి వినిపించిన మర్నాడు పొద్దున మీ అత్త లేచి మంచి చీర కట్టుకుంది. "నడువు, హాలియా పోదాం. గా పిలగాడు ఎసొంటోడో, వాని తల్లి ఎసొంటిదో నా కండ్లతోని చూస్త" అంది. కోమలను పరశురాములు ఇంట్లో దించి ఇద్దరం పోయాం.

బిక్షమ్మ పొలంలో ఉంటే కబురు పంపారు. బురద కాళ్ళతోనే పరుగెత్తుకొచ్చింది. వాకిట్లో మంచం వాల్చి, టీ పెట్టి, గ్లాసులు మీ అత్త ముందు పెట్టి దూరంగా నిలబడింది. తాగుతారో తాగరో అని కాబోలు. మీ అత్త తాగింది. తాగి, "కూసో, గంత దూరం ఎందుకు నిలబడ్తవు?" అని మంచం మీద జాగా చూపించింది.

తర్వాత సూటిగా అడిగింది. "నా మనుమరాలిని మంచిగ చూస్తవా?"

బిక్షమ్మ కళ్ళు తుడుచుకుంది. "నాకు ఆడబిడ్డలు లేరక్కా. ఒక్కసారే ఇద్దరు వస్తరేమోనని నా కొడుకు చెప్పిన కాడికెళ్ళి నాకు నిద్ర పడ్తలేదు" అంది.

వాళ్ళు మాట్లాడింది నాకు వినబడలేదు. తిరుగు బస్సులో మీ అత్తే నా చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పింది. బస్సంతా విన్నది.

ఇక నీ సంగతి. జవాబు నీది. మా కోసం అవుననకు, మా కోసం కాదనకు. అవునంటే పెళ్ళి మన వాకిట్లోనే. కులపోళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాను. నాకు ఎట్లాగూ వినబడదు, ఎంతసేపైనా అడగనీ. కోమల బడి ఈ ఏడాది ఇక్కడే పూర్తి చేస్తుంది, ఆ తర్వాత నీ దగ్గర. సెలవులు మాత్రం మీ అత్తవి. ఆ ఒక్క షరతు ఆమె రాయమంది.

పుస్తకం అందింది. మందలో ఇంకో గొర్రెకు నాలుక నీలం తిరిగితే పరశురాములు అది చూసే డాక్టరును పిలుచుకొచ్చాడు. గొర్రె మేత మేస్తోంది.

వచ్చే ఆదివారం రా. అతన్ని కూడా తీసుకురా. జవాబు నువ్వింకా చెప్పలేదు కదా అంటే మీ అత్త వినడం లేదు. యాటను కోయిద్దామని ఒకటే హడావిడి. అంతలో అతను అయ్యప్ప మాల వేసుకున్నప్పటి నుంచి మాంసం మానేశాడని బిక్షమ్మ చెప్పిన సంగతి గుర్తొచ్చి కూలబడింది. ఇప్పుడు నా పక్కనే కూర్చుని, ఇది తప్పకుండా రాయమని భుజం పొడుస్తోంది:

"గొర్లు కాసే కురుమోళ్ళ ఇంటికి అల్లుడు రాబట్టె, నీసు ముట్టడంట. ఏం వండాలెనో అడిగి జల్ది చెప్పుమను."

ఎదురుచూస్తూ,
నీ మామ బీరప్ప