నెత్తళ్ళ ఫ్యాక్టరీలో సంగీత శిక్షణ

మేయర్ లెయాంద్రో గారూ,

మీరు అబద్ధాన్ని పాలరాతి మీద చెక్కించారు. "మహాగాయని కాసిల్దా రివాస్ ఈ ఫ్యాక్టరీలో నెత్తళ్ళు శుభ్రం చేస్తూ, ఆనందం పట్టలేక పాడేది" అట! మాడ్రిడ్, మిలాన్ ఒపెరాలను ఊపేసిన గొంతుకు చేపల కంపే ప్రేరణ అని కనిపెట్టిన మీ పాండిత్యానికి జోహార్లు.

ఆమె పక్కనే కూర్చుని పనిచేసిన ఎలాదియా నిన్న సభలో మీ ముఖం మీదే చెప్పింది: "ఆనందమా, నా బొందా! నోరు ఖాళీగా ఉంటే చేపలు మింగేస్తామని మేస్త్రీ పాడించేవాడు నాయనా. ఆపితే తిట్లే. కాసిల్దాకి అంత దమ్ము ఊరికే వచ్చిందనుకున్నావా?"

మీరేమన్నారు? "అవ్వా, ఆ పాత కంపు ఇప్పుడెందుకు? కాసిల్దా మ్యూజియం ప్రారంభోత్సవానికి మీ బృందమే పాడాలి, గొంతు దాచుకో."

ఎక్కడ సాధన చేసి పాడాలండీ? ఫ్యాక్టరీ ఆడవాళ్ళం ఇన్నేళ్ళుగా పాడుకుంటున్న ఉప్పుగదికి, మ్యూజియం పేరు చెప్పి మీరే తాళం వేయించారు. కాసిల్దా ఒపెరాల్లో వేసుకున్న గౌన్లకు గది కావాలి గానీ ఆమెతో కలిసి పాడినవాళ్ళకు అక్కర్లేదు. నిజమే, గౌన్లయితే ఎదురు మాట్లాడవు!

అందుకని మేము అడిగేవి ఇవి:

ఉప్పుగది తాళంచెవి ఎలాదియా చేతికివ్వండి.

రాతి మీద "ఆనందం పట్టలేక" అన్నది చెరిపించి, "మేస్త్రీకి భయపడి" అని చెక్కించండి.

గౌన్లను మీ ఆఫీసులో వేలాడదీసుకోండి.

ఇవి జరిగేదాకా ప్రారంభోత్సవానికి వేరే గొంతులు వెతుక్కోండి.