గోడ అవతలి పాఠం

విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
ద్వారా: అర్థశాస్త్ర విభాగాధిపతి (అనగా నేనే)

అయ్యా,

విషయం: విభాగాధిపతి పదవి నుండి తప్పించి, నా పదో తరగతి పీరియడ్లు నాకు తిరిగి ఇప్పించుట గురించి.

1. మా ఉన్నత పాఠశాల అర్థశాస్త్ర విభాగములో ఉపాధ్యాయులము ఇద్దరము ఉంటిమి. పెద్దాయన పదవీ విరమణ చేసిరి. ఆ ఖాళీ నింపక నన్ను అధిపతిని చేసిరి. పల్లకీ ఎక్కేదీ నేనే, మోసేదీ నేనే. వారం వారం విభాగ సమావేశము జరపవలెనని ఉత్తర్వు కనుక జరుపుచున్నాను. హాజరు సంపూర్ణము. మొన్న ఒక తీర్మానమును వ్యతిరేకించితిని గానీ అధ్యక్షులవారు ఒప్పుకోలేదు.

2. నివేదికలు రాయుటకు తీరిక కావలెనని నా పీరియడ్లు డ్రిల్లు మాస్టారికి ఇచ్చిరి. మంచివాడు, వద్దని మొత్తుకున్నాడు. నా గదికీ ఆ తరగతికీ మధ్య ఒక్కటే గోడ. వరండాలో ఒక పిల్ల ఆపి, "సార్, మీకు ట్రాన్స్‌ఫర్ అయిపోయిందంట కదా?" అన్నది. "లేదమ్మా, పక్క గదిలోనే ఉన్నాను" అన్నాను.

3. ఇది అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు. సోమవారం గోడ అవతల "ధర పెరిగితే గిరాకీ పెరుగును" అని డ్రిల్లు మాస్టారు చెప్పగా, తరగతి మొత్తం కవాతు చేస్తున్నట్టు వల్లించినది. ఆ సమయమున నేను "బోధనా ప్రమాణములు" అను గడి నింపుచుంటిని. "సంతృప్తికరము" అని రాసితిని. ధర పెరిగితే గిరాకీ తగ్గునన్న ఆ ఒక్క వాక్యం తలకిందులు కాకుండా చూడడమే ఇన్నేళ్ళుగా నా ఉద్యోగం. కోపం రాలేదు. సిగ్గూ రాలేదు. ఏమీ రాలేదు.

4. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందట. నేను శుభ్రంగా తిని లేచాను. "ఏమండీ, మేమెవరమూ నోట్లో పెట్టుకోలేకపోయాం, మీకు తెలీలేదా?" అంది మా ఆవిడ. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

5. ప్రధానోపాధ్యాయురాలిగారితో మొర పెట్టుకొంటిని. "హెడ్డు లేకపోతే సబ్జెక్టే ఎత్తేస్తారు మాస్టారూ, కాస్త ఓపిక పట్టండి" అనిరి. పట్టితిని.

కావున పై సంగతులు దయతో చిత్తగించవలెను. కుర్చీ తీసేసుకుని సుద్దముక్క ఇప్పించిన చాలును.

తమ విధేయుడు,
అర్థశాస్త్ర విభాగాధిపతి మరియు విభాగ సభ్యులందరూ

తా.క.: ఈ అర్జీ మీద విభాగాధిపతి తన అభిప్రాయము రాయవలెనని నిబంధన. "అధిపతి లేనిచో సబ్జెక్టు పోవును గనుక తిరస్కరించడమైనది" అని రాసి సంతకం పెట్టబోతుంటే, గోడ అవతల మళ్ళీ అదే వల్లింపు. లేచి వెళ్ళి తలుపు తోశాను. "అమ్మయ్య, వచ్చారా!" అని డ్రిల్లు మాస్టారు సుద్దముక్క నా చేతిలో పెట్టి గ్రౌండులోకి ఒకటే పరుగు. "ధర పెరిగితే గిరాకీ ఏమవుతుంది?" అన్నాను. "పెరుగును!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

నాకు కోపం వచ్చిందండీ. ఎన్నాళ్ళకో!

ఇకమీదట నివేదికలు రావు. చర్య తీసుకోదలిస్తే తాఖీదు పదో తరగతి గదికి పంపించండి, నేను అక్కడే ఉంటాను.