ఆల్వినా గారి నలభై ఒక్క బొంతలు

అయోవా, మార్చి 3

కౌంటీ సంక్షేమ కార్యాలయంలోని డ్వేన్ పెట్రిక్ గారికి మార్లిస్ టాలెఫ్సన్ నమస్కరించి రాయునది.

మా అత్తగారు ఆల్వినాకు ఎనభై ఎనిమిదేళ్ళు. తుంటి విరిగింది. ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. లేవలేని వృద్ధులను ఉంచుకుని చూసుకునే నర్సింగ్ హోమ్ ఖర్చుకు ప్రభుత్వ సహాయం కోరుతున్నాం. నెలాఖరులోగా మంజూరు కాకపోతే ఆవిడ కోసం ఉంచిన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. "గత ఐదేళ్ళలో ఎవరికైనా ఏమైనా ఇచ్చారా?" అన్న ప్రశ్న కింద మీరు వదిలిన ఒక్క గీత చాలలేదు. పదకొండు పేజీలు జతచేశాను.

ఇట్లు,
మార్లిస్

తా.క.: ఏడో పేజీలోవి జామ్ సీసాలు. ఖాళీ సీసా తిరిగిచ్చినవాళ్ళ పేర్లు కొట్టేశాను.

మార్చి 8

మార్లిస్ గారికి,

ఆ ప్రశ్నకు అందరూ "లేదు" అని రాస్తారు. మీరు రాశారు కనుక నేను చదవక తప్పలేదు. జాములు వదిలేస్తాను. నలభై ఒక్క చేతికుట్టు బొంతలు వదల్లేను. చర్చి వేలంలో ఒక్కొక్కటి ఎనిమిది వందల డాలర్లు పలుకుతుందని మీరే రాశారు. అంటే ఆస్తి పంచిపెట్టి సహాయం అడిగినట్టు. నాలుగు నెలల పాటు ఏమీ అందదు. బొంతలు వెనక్కి వస్తే ఆ శిక్ష ఉండదు.

భవదీయుడు,
పెట్రిక్

తా.క.: ఆవిడ పంచిన పిల్లికూనలను రాయనక్కర్లేదు.

మార్చి 19

పెట్రిక్ గారికి నమస్కారం.

సంగతి చెబితే అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. "ఇచ్చిన బొంత వెనక్కడిగి, ఏ మొహం పెట్టుకుని చర్చిలో కూర్చోనే?" అన్నారు. నేనే ఇల్లిల్లూ తిరిగాను. ఎవరూ కాదనలేదు. కష్టంలో ఉన్న ఇంటికి వండిన గిన్నె పంపకుండా మా ఊళ్ళో ఎవరూ ఊరుకోరు. నలభై ఒక్క బొంతలతో పాటు ముప్పై ఎనిమిది గిన్నెల ట్యూనా చేపల నూడిల్స్ వచ్చాయి.

ఇట్లు,
మార్లిస్

తా.క.: గిన్నెలు ఆదాయం కిందికి వస్తాయా? త్వరగా చెప్పండి, తింటున్నాం.

మార్చి 22

మార్లిస్ గారికి,

శిక్ష రద్దయింది. అయితే ఇప్పుడు మీ అత్తగారికి నలభై ఒక్క బొంతల ఆస్తి ఉంది. రెండు వేల డాలర్లు దాటితే సహాయం రాదు. వాడుకలో ఉన్న ఇంటి సామాను మాత్రం ఆస్తి కాదు. ఇరవై ఎనిమిదిన తనిఖీకి వస్తాను.

భవదీయుడు,
పెట్రిక్

తా.క.: నూడిల్స్ ఆదాయం కాదు. గిన్నెలు తిరిగివ్వకపోతే అవి ఆస్తి.

మార్చి 26

పెట్రిక్ గారికి నమస్కారం.

బొంతలన్నీ వాడుకలో పెట్టాం. అత్తగారికి ఉన్నది ఒక్కటే మంచం. అందుకని ముప్పై ఐదు కింద పరిచి, ఆరు పైన కప్పాం. ఊరి అగ్నిమాపక దళం నుంచి నలుగురు వచ్చి ఆవిడను ఎక్కించారు. మొదట తిట్టారు. ఇప్పుడు పొరుగింటి వంటగది బాగా కనిపిస్తోందని దిగనంటున్నారు.

ఇట్లు,
మార్లిస్

తా.క.: నిచ్చెన మీరే తెచ్చుకోండి. మాది మంచానికి ఆనించి ఉంది.

మార్చి 29

మార్లిస్ గారికి,

బొంతలు వాడుకలో ఉన్నాయని నిచ్చెనెక్కి ధ్రువీకరించాను.

ఇక మీకు చెప్పలేకపోయిన మాట. "ఎవరి సాయమూ లేకుండా మంచం దిగగలదు" అని మీ దరఖాస్తులో డాక్టరు టిక్కు పెట్టారు. ఆ ఒక్క టిక్కుతో, బొంతలున్నా లేకున్నా, మీ దరఖాస్తు తిరస్కరించాల్సిందే. నిన్న ఆవిడను దించడానికి అగ్నిమాపక దళం మళ్ళీ రావడం కళ్ళారా చూశాను. "నలుగురి సాయం కావాలి" అని దిద్దాను. సహాయం మంజూరైంది. సోమవారం చేర్పించండి.

భవదీయుడు,
పెట్రిక్

తా.క.: దిగగానే ఆవిడ నా భుజాలు కొలిచి, నలభై రెండోది నాకేనన్నారు. దయచేసి ఆపండి. అది పుచ్చుకుంటే ఐదేళ్ళ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.