స్టీలు గ్లాసు ముట్టుకోవద్దు

అమ్మాయ్,

వాష్‌బేసిన్ పక్కన స్టీలు గ్లాసులో నా కట్టుడుపళ్ళు నానుతున్నాయి. ఆ నీళ్ళు ఎవరూ నోట్లో పోసుకోకండి. నిన్న అల్లుడుగారు పుక్కిలించేసి, "ఉప్పు వేశారా మామయ్యా?" అని అడిగారు. నిజం చెప్పలేకపోయాను. నువ్వూ చెప్పకు, వారం రోజులు అన్నం ముట్టరు.

నేను పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. దవడ ఎముకలో మరలు బిగించి, వాటి మీద పళ్ళు నిలబెడతాడట. మొదటిసారి వెళ్ళినప్పుడు చిగుళ్ళు కోసే వీడియో చూపిస్తే సగంలోనే ఆపమన్నాను. కానీ ఆ గ్లాసు అడుగున పేరుకునే జిగట చూస్తే అంతకంటే రోత. మీ అమ్మ దాన్ని మొహం చిట్లించకుండా ఎలా కడిగేదో.

నా దిండు మీద పాత తువ్వాలు పరిచి ఉంచు, నెత్తురు కారుతుందట. ఐసుముక్కలు కూడా చూడు.

పోయినవారం డాక్టరు రాలేదన్నాను కదా, అబద్ధం. ఆయన మెట్ల దాకా వెళ్ళి, భయమేసి వెనక్కి వచ్చేశాను. ఈసారి వెనక్కి రాను. ఆ కట్టుడుపళ్ళు వదులైనప్పటి నుంచి, రెండు నెలలుగా నాతోపాటు మెత్తటిదే తింటూ "నాకిదే ఇష్టం నాన్నా" అంటున్నావు. మొన్న వంటింటి తలుపు చాటున నువ్వు కరకరా నమలడం విన్నాను. ఇవాళ్టి నుంచి నా ఎదురుగా కూర్చుని నములు.

నాన్న