హార్లాలో గెలిచిందెవరు

ఇన్వరూరీ,
జూలై 25

ప్రియమైన రూరీకి,

ఇక్కడ అందరం కులాసా. మొన్న ఈనిన ఎర్రావూ, దాని దూడా కూడా కులాసాయే. సముద్రంలో మీ చమురు రిగ్గు దగ్గర గాలి నెమ్మదించిందని తలుస్తాను.

"హార్లా స్మారక దినానికి నాన్న వచ్చాడా? మీ నాన్నతో మళ్ళీ పేచీ పెట్టుకున్నాడా?" అని అడిగావు. వచ్చాడు మామయ్య, ముల్ దీవి నుంచి పడవెక్కి. ఆరు వందల ఏళ్ళ నాటి హార్లా యుద్ధంలో గెలిచింది దీవులవాళ్ళా, అబర్డీన్‌వాళ్ళా అని మన పెళ్ళి విందులో వాదించుకుని, తినకుండా లేచిపోయాక ఇద్దరూ ఎదురుపడటం ఇదే మొదటిసారి. ఇందుకెవరైనా మాటలు మానేస్తారా? మనవాళ్ళు మానేస్తారు! వాళ్ళను కలపాలని నేనెంత తపించానో నీకు తెలియదు.

ఆనవాయితీ ఎరుగుదువుగా, ఒక వైపు చచ్చినవాళ్ళ పూలచక్రం అవతలి వైపువాడే మోయాలి. కమిటీ పెద్దావిడను బతిమాలి ఈసారి ఆ పని వీళ్ళిద్దరికీ ఇప్పించాను.

"మమ్మల్ని చంపినవాళ్ళకి నేను పూలు మోయాలా?" అని రుసరుసలాడాడు మామయ్య.

"మిమ్మల్నెవరు చంపారు మామయ్యా, నిక్షేపంలా ఉన్నారుగా!" అన్నాను.

సన్నజల్లులో బ్యాగ్‌పైపు వాయించే పైపరు శోకగీతం అందుకున్నాడు. అబ్బ, రూరీ! చిన్నప్పటినుంచీ వింటున్నదే, అయినా ఒళ్ళు జలదరించింది. అంతమందీ టోపీలు తీసి నిలబడితే, ఆ బార్లీ చేల కింద పడుకున్నవాళ్ళు కూడా వింటున్నారనిపించింది.

"ఇల్లు చేరని దీవుల బిడ్డలకి" అంటూ నాన్న పూలు పెట్టాడు. తర్వాత మామయ్య తడిగడ్డి మీద మోకరిల్లి, "ఇల్లు చేరని అబర్డీన్ బిడ్డలకి" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. లేవబోతే మోకాలు సహకరించలేదు. తలెత్తి నాన్న వైపు చెయ్యి చాచాడు.

"బావగారూ, కాస్త లేపండి."

"పట్టుకోండి బావగారూ, నావీ అరిగిన మోకాళ్ళే."

తర్వాత టీ తాగుతూ మళ్ళీ గెలిచిందెవరని వాదులాడుకున్నారనుకో, కానీ మాటమాటకీ బావగారే.

ఇక అసలు సంగతి. కోప్పడకు. నాకు నాలుగో నెల. మొహాలు చూసుకోని ఇద్దరు తాతల మధ్యకి బిడ్డను తేవాలంటే మనసొప్పక, నీ దగ్గర కూడా నోరు మెదపకుండా కూర్చున్నాను. వాళ్ళకింకా చెప్పలేదు. ముందు నీకే.

ఇట్లు,
నీ ఇల్లాలు
ఎల్స్‌పెత్